చర్చ: బుషిదో సమురాయ్‌ల ధర్మమా, కత్తులు పోయాక అల్లిన కథా?

పాతపుస్తకం:
జపాన్ యోధుడు సమురాయ్ అనగానే అందరిదీ ఒకటే పాట. ప్రభువు కోసం ప్రాణమిస్తాడు, పరువు పోతే పొట్ట చీల్చుకుంటాడు. ఈ బొమ్మని బయటి ప్రపంచానికి బాగా ఎక్కించింది జపాన్ రచయిత నితోబె ఇనాజో. ఆయన బుషిదో, అంటే సమురాయ్ నీతి, మీద పుస్తకం రాసింది అమెరికాలో, ఇంగ్లీషులో, 1900 ప్రాంతంలో. అప్పటికి కత్తి కట్టుకు తిరగడాన్ని నిషేధించి (1876) రెండు పదులు దాటింది. అసలు యుద్ధాలు జరిగిన రోజులు చూడండి. 1582లో హొన్నోజి గుడిలో పెద్ద యుద్ధ ప్రభువు ఓద నొబునాగ మీద పడింది సొంత సేనాని అకెచి మిత్సుహిదె. 1600లో సెకిగహార యుద్ధంలో కొబయకవ హిదెఅకి కొండ మీంచి దిగొచ్చి తన పక్షం మీదే తిరగబడ్డాడు. తోదో తకతోర అయితే యజమానుల్ని మార్చుకుంటూ పోయి చివరికి తనే పెద్ద ప్రభువయ్యాడు. నన్నడిగితే బుషిదో కట్టుకథ.

గోదారిగట్టు:
మరీ కట్టుకథంటే ఎలాగండీ? నితోబెకి రెండొందల ఏళ్ళ ముందే ప్రభువు లేకుండా మిగిలిపోయిన 47 మంది రోనిన్‌లున్నారుగా. 1701లో అకో ప్రభువు అసానో ఎదో (ఇప్పటి టోక్యో) కోటలో కిర అనే అధికారి మీద కత్తి దూశాడు, ఆ రోజే ఆయన చేత సెప్పుకు (పొట్ట చీల్చుకోవడం) చేయించారు. ఆయన మనుషులు దాదాపు రెండేళ్ళు కాచుకుని, కిర తల నరికి, సెంగకుజి గుడిలో ప్రభువు సమాధి ముందు పెట్టారు. ఇంగ్లీషు పుస్తకం చదివి చేశారా?

పాతపుస్తకం:
అకోలో కొలువువాళ్ళు మూడొందలకు పైనే. పగకి దిగింది 47 మంది. మిగతావాళ్ళు సమురాయ్‌లు కారా? పైగా సమురాయ్ నీతి పుస్తకం ‘హగకురె’లో మాటలు చెప్పిన యమమొతొ త్సునెతొమొ వీళ్ళనే తప్పుపట్టాడు. అన్నాళ్ళు ఆగితే ఈలోపు కిర జబ్బు చేసి పోతే ఏం చేసేవారని ఆయన ప్రశ్న. ఇంతా చేసి ఆయన ఒక్క యుద్ధం చూసినవాడు కాడు.

చిల్లరలెక్కలు:
ఇద్దరూ ధర్మం గురించే కొట్టుకుంటున్నారు, జీతం సంగతి ఎవరూ ఎత్తరేం? ఊళ్ళో పొలం ఉన్నంతకాలం సమురాయ్‌కి ఈ ప్రభువు కాకపోతే ఇంకొకడు. తర్వాత అప్పటి పాలకుడు హిదెయొషి 1588లో రైతుల కత్తులు లాక్కున్నాడు, సమురాయ్‌లు కోట ఊళ్ళకి చేరారు, భత్యం బియ్యంలో. దాని కొలత కొకు: ఒక మనిషికి ఏడాది తిండి, సుమారు 150 కిలోలు. షిమబర తిరుగుబాటు (1637-38) తర్వాత రెండొందల ఏళ్ళు చెప్పుకోదగ్గ యుద్ధమే లేదు. కొలువు పోతే ఇంకోటి దొరకడం గగనం. అప్పుడు పుట్టింది ఈ చచ్చేదాకా విశ్వాసం. కట్టుకథ అనను, ఉద్యోగం పోతుందన్న టెన్షన్‌కి వేసిన పట్టుబట్ట అంటాను.

ఎదోలో బియ్యం దళారులు రాబోయే భత్యం మీద అప్పులిచ్చేవారు. అవెంత పెరిగాయంటే 1789లో ప్రభుత్వమే పాత బాకీలు కొట్టేయాల్సి వచ్చింది. కగ సంస్థానంలో ఇనొయమ అని లెక్కలు రాసే సమురాయ్ కుటుంబం ఉండేది, వాళ్ళ ఇంటి పద్దులు ఇప్పటికీ ఉన్నాయి. అప్పు ఏడాది ఆదాయానికి రెట్టింపు. పిల్ల వేడుకలో పెట్టాల్సిన తై చేప కొనలేక, చేప బొమ్మ గీసి పెట్టారు. నాకు 47 మంది కన్నా ఈ చేప బొమ్మే ఎక్కువ గుర్తుంటుంది.

గోదారిగట్టు:
బొమ్మయినా పెట్టారుగా, మానలేదు. అన్ని అప్పుల్లోనూ కత్తి వదల్లేదు కూడా.

చిల్లరలెక్కలు:
వదిలినవాళ్ళూ ఉన్నారండీ. కత్తి తాకట్టు పెట్టి, ఒరలో వెదురుబద్ద దూర్చుకు తిరిగేవారు. దానికి తకెమిత్సు అని పేరు కూడా ఉంది.

గోదారిగట్టు:
నా మాటా అదే. లోపలున్నది వెదురని తెలిసి కూడా నడుముకి కట్టుకునే గడప దాటాడు. ఆ కట్టుకోవడం ఏ జీతం పద్దు కింద రాస్తారు?

పాతపుస్తకం:
కత్తి లేకుండా కొలువుకెళ్తే రానివ్వరు కాబట్టి, యూనిఫాం పద్దు కింద.