సైలోసిబిన్ ఒక్క డోసుతో డిప్రెషన్ తగ్గుతుందని నిజంగా తేలిందా?

శ్రావణి, విజయవాడ:
మా తమ్ముడు కొన్నేళ్ళుగా డిప్రెషన్‌కి మందులు వాడుతున్నాడు. మార్చి మార్చి చూశారు, ఈ మధ్య లిథియం కూడా కలిపారు. వాడేమో పుట్టగొడుగుల్లో ఉండే సైలోసిబిన్ గురించి వీడియోలు చూసి, "అక్కా, ఒక్క డోసు చాలట, ఫారిన్‌లో నిరూపించేశారు, ఆ పుట్టగొడుగుల కోసం కొడైకెనాల్ వెళ్ళొస్తా" అంటున్నాడు. చాలా రోజుల తర్వాత వాడి మొహంలో ఆశ కనిపించింది, అందుకే గట్టిగా కాదనలేకపోతున్నాను. కానీ టెన్షన్‌గా ఉంది. పరిశోధనల్లో అసలేం తేలిందో తెలిసినవాళ్ళు చెప్పండి.

రఘు, హైదరాబాద్:
శ్రావణి గారూ, ముందు లిథియం సంగతి. లిథియం వాడుతూ సైలోసిబిన్, ఎల్ఎస్‌డీ లాంటివి తీసుకున్నవాళ్ళలో కొందరికి ఫిట్స్ వచ్చినట్టు రిపోర్టులున్నాయి. ఇది ఈ రోజే తమ్ముడికి చెప్పండి. అలాగని కొడైకెనాల్ కోసం లిథియం మానేస్తే అదింకో ప్రమాదం, హఠాత్తుగా ఆపితే జబ్బు తిరగబెట్టొచ్చు.

ఇక పరిశోధన. నేను క్లినికల్ ట్రయల్స్ డేటా పనిలో ఉన్నాను, ఈ పేపర్లు ఇష్టంగా చదువుతాను. తమ్ముడు చూసిన వీడియోలు బహుశా 2022లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ట్రయల్ గురించే అయ్యుంటాయి. మందులకు లొంగని డిప్రెషన్ ఉన్న 233 మందికి ఒకే ఒక్క డోసు ఇచ్చారు: కొందరికి 25 మిల్లీగ్రాములు, కొందరికి 10, కొందరికి 1. మూడు వారాలకి 25 తీసుకున్నవాళ్ళ డిప్రెషన్ తీవ్రత స్కోరు సగటున 12 పాయింట్లు తగ్గింది, 1 తీసుకున్నవాళ్ళది 5.4. మంచి తేడానే. కానీ 12 వారాల దాకా ఆ మెరుగు నిలబడింది 25 గ్రూపులో సుమారు 20 శాతం మందికే. ఆత్మహత్య ఆలోచనలు, తమను తాము గాయపరుచుకోవడం మూడు గ్రూపుల్లోనూ కనిపించాయి. ఈ రెండు విషయాలూ వీడియోల్లో చెప్పరు.

అంతకుముందు 2021లో లండన్ ఇంపీరియల్ కాలేజీ వాళ్ళు 59 మందిలో సైలోసిబిన్‌ని ఎస్సిటాలోప్రామ్ అనే మామూలు డిప్రెషన్ మందుతో పోల్చారు. ముందే పెట్టుకున్న ప్రధాన కొలతలో, ఆరు వారాలకి, చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

నన్ను అన్నిటికన్నా వేధించేది ఉత్తుత్తి మాత్ర (ప్లాసిబో) సమస్య. 1962లో బోస్టన్‌లోని మార్ష్ చాపెల్‌లో వాల్టర్ పాంకే 20 మంది వేదాంత విద్యార్థుల్లో సగం మందికి సైలోసిబిన్, సగం మందికి నియాసిన్ అనే విటమిన్ ఇచ్చాడు. నియాసిన్‌తో ఒళ్ళు వేడెక్కుతుంది కాబట్టి ఎవరికి ఏది పడిందో తెలియదనుకున్నాడు. కాసేపటికే అందరికీ తెలిసిపోయింది. 2006లో జాన్స్ హాప్కిన్స్‌లో రోలండ్ గ్రిఫిత్స్ అదే ఇబ్బందిని తప్పించుకోవడానికి పోలిక కోసం మిథైల్‌ఫెనిడేట్ అనే ఉత్తేజకర మందు వాడారు. ఇప్పటికీ పూర్తిగా తీరలేదు. అసలు మందు పడిందని తెలిసినవాడికి ఆ నమ్మకంతోనే కొంత తగ్గుతుంది, పడలేదని తెలిసినవాడు నీరుగారిపోతాడు. అందుకే ఆ తేడాలో మందు వాటా ఎంతో నికరంగా చెప్పలేం. 2024లో అమెరికాలో మందులకి అనుమతిచ్చే ఎఫ్‌డీఏ సలహా కమిటీ, ఇలాంటిదే అయిన ఎండీఎంఏ అనే మత్తుమందు విషయంలో లేవనెత్తిన అభ్యంతరాల్లో ఇదీ ఒకటి, ఆగస్టులో దానికి అనుమతి రాలేదు.

అయినా ఈ పరిశోధన ఆగకూడదనే నేను గట్టిగా కోరుకుంటాను. ఏ మందూ పనిచేయనివాళ్ళకి ఇంకో దారి కావాలి.

మాధవి, మెల్‌బోర్న్:
నేను మానసిక వైద్య విభాగంలో నర్సుని. ఇక్కడ 2023 జులై నుంచి అనుమతి ఉన్న సైకియాట్రిస్టులు మాత్రమే సైలోసిబిన్ ఇవ్వొచ్చు. ముందు కొన్ని కౌన్సెలింగ్ సెషన్లు, ఆ రోజంతా పక్కన మనుషులు, తర్వాత మళ్ళీ సెషన్లు ఉంటాయి. పైగా ట్రయల్స్‌లో బైపోలార్, స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్ళనీ, ఇంట్లో దగ్గరివాళ్ళకి అవి ఉన్నా సాధారణంగా తీసుకోరు. శ్రావణీ, లిథియం బైపోలార్‌కీ వాడతారు, ఎందుకు కలిపారో డాక్టర్‌ని అడిగావా? బైపోలార్ అనుమానం ఏమైనా ఉందా?

శ్రావణి, విజయవాడ:
అడగలేదు అక్కా. ఈ వారం తమ్ముడితో పాటు నేనూ వెళ్ళి అడుగుతాను. రఘు గారూ, మీరు రాసింది వాడికి చదివి వినిపించాను. "మరి నాకేం మిగిలింది?" అన్నాడు.

రఘు, హైదరాబాద్:
మిగిలినవి ఉన్నాయండి. సైలోసిబిన్ మన దగ్గర 1985 నాటి మత్తుపదార్థాల చట్టం (ఎన్‌డీపీఎస్) కింద నిషిద్ధం, కానీ కెటమిన్ అనే మత్తుమందు, ఈసీటీ అనే కరెంటు చికిత్స చట్టబద్ధంగా ఆసుపత్రుల్లోనే ఉన్నాయి. మందులకు లొంగని డిప్రెషన్‌కి రెండిటికీ ఆధారాలున్నాయి. తనకి సరిపడతాయో లేదో డాక్టర్‌ని అడగమనండి. రాత్రిపూట మరీ బాధగా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయమనండి, తెలుగులోనే మాట్లాడతారు.