ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లోపం, అతిచురుకుదనం) ఉన్న పెద్దవారు కొద్ది నిమిషాలు ఆడి, కుదుటపడి లేవగలిగే ఆటలు ఏవి?

నీలిగువ్వ:

పెద్దయ్యాక ఏడీహెచ్‌డీ నిర్ధారణ అయినవారిలో నేనూ ఒకరిని. ఒక పని ముగించి మరో పనిలోకి మారే వేళ నాకు చాలా కష్టంగా ఉంటుంది. మనసు పాత పని చుట్టూ తిరుగుతూనే ఉంటుంది, చేయి మాత్రం ఫోన్ మీదికి పోతుంది. ఆ విరామంలో ఐదు నుంచి పది నిమిషాలు ఆడి, నెమ్మదించి లేవగలిగే ఆట కావాలి. ప్రశాంతతనిస్తాయని చెప్పుకునే ఆటల్లో కొన్ని మరీ మందకొడిగా ఉండి వెంటనే విసుగు పుట్టిస్తున్నాయి. మరికొన్ని ఒక లెవెల్ పూర్తికాగానే తర్వాతిది మొదలుపెట్టి లేవనివ్వడం లేదు. మీరు ఆటను ఏ లక్షణాలు చూసి ఎంచుకుంటారు? వీలైతే పేర్లతో సహా చెప్పగలరు.

తీరికవేళ:

ఆట ఎంత మృదువుగా కనిపిస్తోందన్నది తర్వాతి సంగతి, అది ఎలా ముగుస్తుందో ముందు చూడాలని నా అభిప్రాయం. మనలో చాలామందికి కాలం గడుస్తున్న స్పృహ సరిగా ఉండదు, ఒకసారి లీనమయ్యాక బయటపడడం మరింత శ్రమ. కాబట్టి ఆపాలన్న నిర్ణయాన్ని మన మీద పెట్టకుండా తనంతట తానే ముగిసిపోయే ఆట మేలు. పదాన్ని ఊహించే ఆట వర్డ్‌ల్‌లో రోజుకు కొత్త పదం ఒక్కటే, దానికి ఆరు ప్రయత్నాలే. అయితే వరుసగా ఎన్ని రోజులు గెలిచారో అది లెక్కగట్టి చూపుతుంది. ఆ లెక్క తెగిపోతుందేమోనన్న ఆందోళన కలిగేవారికి అదీ ప్రశాంతతనివ్వదు.

చూడడానికి నెమ్మదిగా ఉన్నా చిన్న విరామానికి సరిపడనివి కూడా ఉన్నాయి. డార్ఫ్‌రొమాంటిక్‌లో పలకలు పేర్చి పల్లెసీమను తయారుచేస్తాం, పలకలు అయిపోతే ఆట ముగుస్తుంది. కానీ బాగా ఆడేకొద్దీ అదనపు పలకలు వస్తూ ఆట పొడవవుతుంది. టౌన్‌స్కేపర్‌లో గెలుపోటములు లేవు, స్కోరు లేదు, ముగింపు కూడా లేదు. అది చాలా హాయిగా ఉంటుంది, సెలవు రోజుకు అట్టిపెట్టుకోండి.

మౌనతరంగం:

మందకొడి ఆటలు మీకు నప్పకపోవడంలో ఆశ్చర్యం లేదు. తగినంత పని దొరకని మనసు తనంతట తానే వేరే ఆలోచనలు వెతుక్కుంటుంది, అందువల్ల చేతికీ కంటికీ ఓ మోస్తరు పని ఉన్నప్పుడే మనం కుదుటపడతాం. సర్దడం, జతపరచడం, గళ్లు నింపడం వంటివి ఇందుకు బాగా సరిపోతాయి. నేను అందరికీ సూచించేది నోనోగ్రామ్: అంకెల ఆధారంగా గళ్లు నింపితే బొమ్మ తేలుతుంది. గళ్ల పట్టిక పరిమాణాన్ని ముందే ఎంచుకుంటాం కనుక సమయం కూడా దాదాపు ముందే నిర్ణయమైపోతుంది. తేల్చిన ప్రతి విషయాన్నీ పట్టికలోనే గుర్తుగా వేసుకోవచ్చు, కాబట్టి జ్ఞాపకశక్తి మీద భారం పడదు. కఠినమైన సుడోకులో మాత్రం ఎన్నో అవకాశాలను ఒకేసారి మనసులో మోయవలసి వస్తుంది.

పేకతో ఒంటరిగా ఆడే సాలిటైర్ ఇష్టమైతే, అందులో మామూలు రకమైన క్లాండైక్ కన్నా ఫ్రీసెల్ అనే రకం మంచిది. క్లాండైక్‌లో ఎంత బాగా ఆడినా గెలవలేని పంపకాలు ఉంటాయి, ఆ అసంతృప్తే మళ్లీ పంచమంటుంది. ఫ్రీసెల్‌లో ముక్కలన్నీ మొదటినుంచీ కనిపిస్తాయి; మైక్రోసాఫ్ట్ వెర్షన్‌లోని తొలి 32,000 పంపకాల్లో 11982వది ఒక్కటే పరిష్కారం కానిది. వేసిన ఎత్తును వెనక్కు తీసుకునే వీలు ఉన్నదాన్నే ఎంచుకోండి. రోజువారీ బహుమతులు, ఏమి వస్తుందో తెలియని పెట్టెలు, మధ్యలో దూరే ప్రకటనలు ఉన్న ఆట ఎంత అందంగా ఉన్నా వద్దు.

కొండగాలి:

ఒక సంగతి చేర్చాలి. 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఎండీవర్ ఆర్ఎక్స్ అనే ఆటకు అనుమతి ఇచ్చింది. అది వైద్యులు రాసి ఇచ్చేది, అప్పట్లో ఏడీహెచ్‌డీ ఉన్న 8 నుంచి 12 ఏళ్ల పిల్లల ఏకాగ్రత కోసం. ఆ వార్త చూసి ప్రతి పజిల్ ఏకాగ్రతను పెంచుతుందని అనుకోకూడదు. మనం ఇక్కడ మాట్లాడుకుంటున్నది విరామం గురించి, చికిత్స గురించి కాదు. ఆట వల్ల నిద్రకో పనికో అడ్డు తగులుతుంటే ఆ మాట వైద్యులకు తప్పక చెప్పండి.

ఆట తెరవడానికి ముందే తర్వాత చేయవలసిన పనిలోని మొదటి మెట్టును కాగితం మీద రాయండి. 'నివేదిక పూర్తిచేయాలి' అని కాకుండా 'రెండో పేరా తెరవాలి' అన్నంత చిన్నదిగా ఉండాలి. టైమర్ ఫోన్‌లో కాక గదికి అవతలి వైపు ఉండాలి, ఎందుకంటే ఫోన్‌లో మోగేదాన్ని చూడకుండానే వేలితో తోసేస్తాం.

నీలిగువ్వ:

ముగ్గురికీ ధన్యవాదాలు. ముగింపును బట్టి ఎంచుకోవచ్చన్న ఆలోచన నాకు ఇంతవరకు తట్టలేదు. పది అడ్డగళ్లు, పది నిలువు గళ్ల నోనోగ్రామ్‌తో మొదలుపెడతాను. మౌనతరంగం గారూ, దీన్ని ఫోన్ లేకుండా ఆడవచ్చా?

మౌనతరంగం:

తప్పకుండా ఆడవచ్చు, అచ్చువేసిన పుస్తకాలు దొరుకుతాయి. పెన్సిల్ వాడండి, ఒక పేజీకి ఒకే పజిల్ ఉన్న పుస్తకం చూసుకోండి.