నెలకి 500 ఇస్తాం, ఇంటి కరెంటు డేటా ఇవ్వండి అంటున్నారు. ఒప్పుకోవచ్చా?

ఎంవీపీ_సెక్టార్:
మాది విశాఖ ఎంవీపీ కాలనీలో సొంత ఇల్లు. కింద మేము, పైన అద్దెకి ఒక జంట. మొన్న ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు, ఏదో స్టార్టప్ అట. మెయిన్ బోర్డులో వైరు చుట్టూ చిన్న క్లాంప్ తగిలిస్తారట. వైరు కోయక్కర్లేదు, ఎంత కరెంటు లాగుతున్నామో సెకనుకోసారి మన వైఫై మీదే వాళ్ల సర్వర్‌కి పోతుంది. ఏడాది ఉంచితే నెలకి 500 చొప్పున యూపీఐలో వేస్తారు. ఏ టైములో ఎంత డిమాండ్ ఉంటుందో అంచనా వేయడానికి అన్నారు. మా ఆవిడేమో ముక్కూ మొహం తెలియనివాళ్లకి ఇంటి సంగతులెందుకు అంటోంది. నెలనెలా రీడింగ్ తీసే అబ్బాయి గేటు దగ్గరే బిల్లు కొట్టి ఇచ్చి పోతున్నాడు, మా యూనిట్లు ఎన్నో వీధిలో ఎవరు చూసినా చూడొచ్చు, ఇందులో దాచుకోవడానికి ఏముందని నాకు అనిపిస్తోంది. ఎవరైనా పెట్టించుకున్నారా? 500 తక్కువంటారా, బేరమాడమంటారా?

ఫ్యూజ్‌వైర్:
బేరం సంగతి తర్వాత. నెలకో అంకె వేరు, సెకనుకో అంకె వేరు అండీ. నేను కరెంటాఫీసులో చేసి రిటైరయ్యాను కాబట్టి చెబుతున్నా. గీజర్ వేస్తే గ్రాఫు ఒక్కసారిగా 2,000 వాట్లు లేస్తుంది, కట్టేయగానే అంతే నిటారుగా పడిపోతుంది. ఫ్రిజ్ అయితే వందా నూటయాభై వాట్లతో కాసేపు తిరిగి కాసేపు ఆగుతుంది, రాత్రీ పగలూ అదే వరస. మిక్సీ రెండు నిమిషాలు గోల చేసి ఊరుకుంటుంది. ఈ మెట్లు చూసి ఏ వస్తువు ఎప్పుడు వేశారో చెప్పే పద్ధతిని 1980లలోనే అమెరికాలో ఎంఐటీలో జార్జ్ హార్ట్ అనే ఆయన తయారుచేశారు. ప్రతి ప్లగ్గు దగ్గరా కొలవక్కర్లేదు, మీటరు దగ్గర ఒక్కచోట కొలిస్తే చాలు. ఇన్వర్టర్ ఏసీ లాంటివి కొంచెం తికమక పెడతాయి, అవి మెట్టులా లేవకుండా మెల్లగా పెరిగి తగ్గుతాయి కాబట్టి. మిగతా పెద్ద వస్తువులు చాలావరకు దొరికిపోతాయి. మీరెన్నింటికి లేస్తారు, ఎప్పుడు పడుకుంటారు అన్నది సరే, సంక్రాంతికి మీరు ఊరెళ్లారనుకోండి, మూడు రోజులు ఫ్రిజ్ తప్ప ఇంకేదీ తిరగదు. ఆ గ్రాఫు ఎవరి చేతిలో పడినా ఇంటికి తాళం వేసుందని విడిగా చెప్పాలా?

గాజువాక_బ్యాచ్:
అన్నా మరీ భయపెట్టేస్తున్నారు 😀 ఫోన్లో లొకేషన్ ఆన్ చేసుకుని బీచ్ రోడ్డంతా తిరుగుతాం, దానికి ఎవడూ రూపాయి ఇవ్వట్లేదు. వీళ్లు కనీసం ఏడాదికి 6,000 ఇస్తున్నారు. వచ్చేదాన్ని వదులుకోవడం దేనికి?

లోడ్‌కర్వ్:
నేను ఈ డేటాతోనే పనిచేస్తాను, కాబట్టి రెండు వైపులా చెబుతా. ఇలాంటి డేటా నిజంగా అవసరం. మన దేశంలో ఇళ్ల నుంచి సేకరించి అందరికీ ఇచ్చినవి చాలా తక్కువ. 2013లో ఐఐఐటీ ఢిల్లీ వాళ్లు ఢిల్లీలో ఒక ఇంట్లో 73 రోజులు కొలిచి పెట్టిన డేటాని ఇప్పటికీ వాడుతుంటాం. డబ్బులివ్వడం కూడా తప్పేం కాదు. ఊరికే ఇమ్మంటే గాడ్జెట్ల పిచ్చి ఉన్నవాళ్లే ముందుకొస్తారు, కంచరపాలెంలో ఒక ఫ్యానూ ఒక టీవీతో నడిచే అద్దె ఇల్లు లెక్కలోకే రాదు, తర్వాత ఊరంతా ఏసీలే అన్నట్టు అంచనాలు తయారవుతాయి.

నాకు తేడా కొడుతోంది ఆ సెకను దగ్గర. డిమాండ్ అంచనాకి సెకను దేనికి? మన గ్రిడ్‌లో ఎవరు ఎంత కరెంటు ఇవ్వాలి, ఎంత తీసుకోవాలి అని షెడ్యూల్ వేసేదే 15 నిమిషాల బ్లాకుల్లో, రోజుకి 96 బ్లాకులు. 2011లో జర్మనీలో మ్యూన్‌స్టర్‌లో పరిశోధకులు 2 సెకన్లకోసారి వచ్చే రీడింగ్ పట్టుకుని టీవీలో ఏ సినిమా నడుస్తోందో కూడా కనిపెట్టి చూపించారు, తెర మీద వెలుగు మారితే టీవీ లాగే కరెంటూ మారుతుంది కదా. అలాగని 15 నిమిషాల డేటా అమాయకమైనదేం కాదు. షికాగో దగ్గర నేపర్‌విల్ కేసులో 2018లో అక్కడి అప్పీలు కోర్టు, ఊరి యంత్రాంగం 15 నిమిషాల రీడింగులు తీసుకోవడం కూడా ఇంటిని సోదా చేసినట్టేనంది, కాకపోతే గ్రిడ్ బాగుకోసం చేసే సమంజసమైన సోదా అని ఒప్పుకుంది. కాబట్టి వాళ్లని సూటిగా అడగండి: డేటా చివరికి ఎవరికి వెళ్తుంది, పేరూ అడ్రసూ విడిగా ఉంచుతారా, మధ్యలో మానేస్తే పాతది చెరిపేస్తారా. మన 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం ఒప్పుకోవడం ఎంత తేలికో వెనక్కి తీసుకోవడమూ అంత తేలిగ్గా ఉండాలి. కానీ అదే చట్టంలో పరిశోధనకీ గణాంకాలకీ షరతులతో మినహాయింపుంది. వీళ్లు పరిశోధన అంటున్నారా, వ్యాపారం అంటున్నారా, అది కాగితం మీద రాయించుకోండి.

సీతమ్మధార_పిన్ని:
అందరూ వాట్లూ చట్టాలే మాట్లాడుతున్నారు. బాబూ, సంతకం నీది, డబ్బులు పడేది నీ యూపీఐలో, రోజంతా ఇంట్లో ఉండేది మీ ఆవిడ. మధ్యాహ్నం ఆవిడ ఎప్పుడు నడుం వాల్చిందో, ఎన్నింటికి టీవీ పెట్టిందో, ఇస్త్రీ ఎప్పుడు చేసిందో, ఆ గీతలన్నీ ఆవిడవే. ఆవిడ వద్దన్నాక ఇంక ఇక్కడ అడగడం దేనికి? ఇంకోటి, పైన అద్దెకున్నవాళ్లకి వేరే మీటరుందా, మీ లైన్లోంచే ఇచ్చారా? మీ లైనే అయితే వాళ్ల గీజరు కూడా ఆ లెక్కలోకి పోతుంది. వాళ్లని అడిగావా మరి?

ఎంవీపీ_సెక్టార్:
పైవాళ్లది సబ్ మీటరే పిన్నిగారూ, మా లైన్లోంచే వెళ్తుంది, ఆ సంగతి నాకు తట్టనే లేదు. ఇందాక ఆ కుర్రాళ్లలో ఒకడికి ఫోన్ చేసి 15 నిమిషాల డేటా అయితే ఇస్తాను, మా ఆవిడా పైవాళ్లూ సరేనంటేనే అన్నాను. "సెకను డేటా కాకపోతే మాకు పేమెంట్ రాదు సార్" అన్నాడు. ఎవరిస్తారయ్యా మీకు పేమెంటు అంటే మేనేజర్‌ని కనుక్కుని చెబుతానన్నాడు, ఇంకా ఫోన్ రాలేదు. వద్దని మెసేజ్ పెట్టేశా.

గాజువాక_బ్యాచ్:
అయితే ఆ నంబర్ నాకు ఇన్‌బాక్స్‌లో పడేయండి అన్నా. మాది బ్యాచిలర్ రూము, రెండు ఫ్యాన్లూ ఒక రైస్ కుక్కరూ తప్ప వాళ్లకేం కనపడదు. రూములో నలుగురినీ అడిగాకే పెట్టిస్తాలే పిన్నీ.