‘సాల్వో ఆర్డినే నోస్ట్రో’కి తెలుగు ఏది?

అందరికీ నమస్కారం. ఇంగ్లండులో కాంటర్‌బరీ ఆర్చిబిషప్పుగా ఉన్న థామస్ బెకెట్ మీద ఒక వ్యాసం తెలుగు చేస్తూ, మూడు లాటిన్ మాటల దగ్గర వారం రోజులుగా ఆగిపోయాను. 1170లో కాంటర్‌బరీ చర్చిలోనే ఆయన్ను నరికేశారన్న సంగతి చాలామందికి తెలుసు. ఈ మాటలు దానికి ఏడేళ్ల ముందువి.

1163 అక్టోబరు, వెస్ట్‌మిన్‌స్టర్. నేరం చేసిన మతగురువులకు శిక్ష వేయాల్సింది రాజా, చర్చా అన్నది గొడవ. ఇంగ్లండు రాజు రెండో హెన్రీ బిషప్పులందర్నీ పిలిపించి, రాజ్యపు పాత ఆచారాలు పాటిస్తామని ఒప్పుకోమన్నాడు. నిన్నమొన్నటి దాకా ఆ రాజుకే ఛాన్సలరుగా ఉన్న ఆర్చిబిషప్పు బెకెట్ సరేనంటూనే ‘సాల్వో ఆర్డినే నోస్ట్రో’ అని ఒక తోక తగిలించాడు. మిగతావాళ్లదీ అదే పాట. చిచెస్టర్ బిషప్పు హిల్లరీ ఒక్కడే జంకి, దాని బదులు ‘బోనా ఫిదే’ (మాటకు మాటగా ‘మంచి నమ్మకంతో’) అన్నాడు. అతనికీ రాజు చేత చీవాట్లే దక్కాయి.

నా మొదటి ప్రయత్నం ‘మా ఆజ్ఞను కాపాడుకుంటూ’. నవ్వకండి, ఇంగ్లీషు ఆర్డరు చేసిన పని అది. రెండోది ‘మా ధర్మానికి లోబడి’. ఇదైనా నిలుస్తుందా?

*

అక్కా, మేం కతోలికులం. ఫాదర్ అయ్యేవాళ్లకు జరిగేదాన్ని గురుపట్టాభిషేకం అంటాం. మీకు కావలసింది ఆ ‘పట్టం’. ధర్మం ఎవరికైనా ఉంటుంది, ఇక్కడ మాట పట్టం పొందినవాడి హోదా గురించి. బిషప్పును మాత్రం కదపకండి. మేం మేత్రాణులంటాం, బైబిల్లో అధ్యక్షుడని ఉంది, కానీ అధ్యక్షుడంటే ఇప్పుడు పార్టీ ఆఫీసు గుర్తొస్తుంది.

*

అమ్మా, ‘లోబడి’ వద్దు. చాలాకాలం కోర్టు కాగితాలు తెలుగు చేసినవాణ్ణి. ఫలానా సెక్షనుకు లోబడి అంటే ఆ సెక్షనుదే పైచేయి. ‘మా పట్టానికి లోబడి మీ ఆచారాలు పాటిస్తాం’ అంటే రాజు నెత్తిన పట్టాన్ని కూర్చోబెట్టినట్టే. లాటిన్ అంత మాట అనలేదు. సాల్వో అంటే చెక్కుచెదరకుండా ఉన్నది. ఆ వాక్యం కట్టు మన ‘ఉండగా’ లాంటిది: ‘మా పట్టం క్షేమంగా ఉండగా’. దస్తావేజుల్లో ‘నా హక్కులకు భంగం లేకుండా’ అని రాస్తామే, ఇదీ అలాంటిదే. నన్నడిగితే బిషప్పులు ‘భంగం లేకుండా’ అన్నారు, రాజుకు ‘లోబడి’ అని వినబడింది. మర్నాడే బెకెట్ చేతిలో ఉన్న ఐ, బెర్క్‌హామ్‌స్టెడ్ కోటలు వెనక్కి ఇమ్మన్నాడు.

ఇంకో తమాషా. 1164 జనవరిలో క్లారెండన్‌లో రాజు రాయించిన పత్రంలో 16 అంశాలున్నాయి. పన్నెండోది చూడండి: ఎన్నికైన బిషప్పు అభిషేకానికి ముందే రాజుకు విధేయత ప్రకటించాలి, ‘సాల్వో ఆర్డినే సువో’. అవే మాటలు, రాజు కాగితంలోనే! ప్రమాణాల్లో అది ఎప్పుడూ ఉండే పడికట్టు మాట. ఒక్క ప్రమాణానికి తగిలిస్తే ఆయనకు అభ్యంతరం లేదు. ఆచారాలన్నిటి మీదా గొడుగులా పట్టేసరికి మండింది.

*

మాస్టారూ, పన్నెండో అంశం నేను చూడనేలేదు! అయితే ‘మా పట్టానికి భంగం లేకుండా’ ఖాయం. దీంతో ఇంకో చిక్కు కూడా విడిపోయింది. 1169 జనవరిలో మోంమిరాయిల్‌లో, ఫ్రాన్సు రాజు ఏడో లూయీ ఎదుట, బెకెట్ హెన్రీ ముందు మోకరిల్లి అంతా మీ దయ అన్నాడు. అని ఊరుకోలేదు, చివర్లో ‘సాల్వో హోనోరే దేయి’ అన్నాడు. మళ్లీ తోక! ఈసారి పట్టం స్థానంలో ఏకంగా దేవుడే వచ్చాడు. ‘దేవుని ఘనతకు భంగం లేకుండా’ అంటే రెండు చోట్లా ఒకే తోక అని తెలుగులోనూ కనబడుతుంది. రాజీ అక్కడే చెడింది.

*

బాగుందమ్మా. మరి బోనా ఫిదే? క్లారెండన్‌లో బెకెట్ తోక వదిలేసి, హిల్లరీ అన్న ఆ మాటతోనే నోటితో ఒప్పుకున్నాడు. పత్రం మీద ముద్ర మాత్రం వేయలేదు. అందుకని ‘చిత్తశుద్ధితో’ అంటే అతకదు, ‘మనస్ఫూర్తిగా’ అసలే అతకదు.

*

‘సదుద్దేశంతో’ అని పెట్టాను మాస్టారూ. ముద్ర వేయని సంగతి ఆ పక్క వాక్యంలోనే ఉంటుంది.