‘కొంచెమైన నదియు’లో నది ఉందా?

పర్లాకిమిడి: రేపు డిప్లొమా పిల్లలకు టీసీపీ (నెట్‌లో డేటాని ప్యాకెట్లుగా పంపే పద్ధతి) కంజెషన్ కంట్రోల్, అంటే దారిలో రద్దీని బట్టి తగ్గడం, చెప్పాలి. ప్యాకెట్ పోయిందని తెలియగానే పంపేవాడు విండోని, అంటే అందిందన్న జవాబు రాకముందే పంపగల డేటా హద్దుని, సగానికి తగ్గించుకుంటాడు కదా, ఆ స్లయిడ్ మీద వేమన ‘అనువుగాని చోట’ పద్యం పెడదామని. రెండో పాదం దగ్గర ఆగిపోయాను. ‘కొంచెముండుటెల్ల కొదువ గాదు’ అని నా నోట్లో ఉంది. మా నాన్న ‘కొంచెమైన నదియు గొదువ గాదు’ అనేవారు. ఏది?

గుణుపురం: మీ నాన్నగారిదే. చిన్నదైనా నది నదే. ఎండాకాలంలో మా వంశధారని చూడండి.

రాయగడ: నది ఎక్కడిది బాబూ! కొంచెమైనన్ + అదియు. ఆ ‘న’ ద్రుతం, అంటే మాట చివర చేరే నకారం.

గుణుపురం: తెలుసు మాస్టారూ. కానీ చెవికి నదే తగులుతుంది. ‘నిండు నదులు పారు నిలిచి గంభీరమై’ అన్న వేమనకి అది తెలీదంటారా? అయినా గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊరివాళ్లడిగితే ద్రుతంతో కొడతారేంటి!

బరంపురం: ఛందస్సుతో తేలదు. రెండూ ఆటవెలదే, యతీ రెంటికీ కుదిరింది. తేడా అర్థంలో ఉంది. ‘ఉండుట’ అంటే తనంతట తాను తగ్గి ఉండడం, ‘ఐన’ అంటే తగ్గాల్సి రావడం. క్యూ నిండి రౌటర్ ప్యాకెట్ పారేశాక తగ్గితే ‘ఐన’. పారేయకముందే రౌటర్ ఈసీఎన్ గుర్తు (రద్దీ ఉందన్న హెచ్చరిక) పెడితే, అది తెలుసుకుని తగ్గితే ‘ఉండుట’.

పర్లాకిమిడి: పారేశాక కూడా తగ్గేది పంపేవాడేనండీ, రౌటర్ కాదు. 1986 అక్టోబరులో బర్క్‌లీలో 400 గజాల దూరానికి వేగం సెకనుకు 32 కిలోబిట్ల నుంచి 40 బిట్లకి పడిపోయింది. లైను నిండిపోయినా పంపినవే మళ్లీ మళ్లీ పంపారు మరి. నెట్‌వర్క్ పరిశోధకుడు వాన్ జేకబ్సన్ 1988 పేపర్లో చెప్పింది తగ్గి, మెల్లగా పెంచుకోమనే. కాబట్టి ‘ఉండుట’.

రాయగడ: మొదటి పాదం వదిలేశారు. ‘అధికులమనరాదు’. డేటా పంపే మరో పద్ధతి, తనంతట తగ్గే ఏర్పాటే లేని యూడీపీకి చెప్పాల్సిన మాట అది.

బరంపురం: యూడీపీ మీద నడిచే క్విక్ ప్రొటోకాల్ తగ్గుతుంది మాస్టారూ.

రాయగడ: తగ్గేది క్విక్, యూడీపీ కాదు. ఇక పద్యపాఠమంటారా, సీపీ బ్రౌన్ 1829లో అచ్చు వేయించేనాటికే వేమనకి లెక్కలేనన్ని పాఠాంతరాలు. అసలుది ఇదేనని పట్టుబడితే ఎలా?

పర్లాకిమిడి: మరి స్లయిడ్ మీద ఏది పెట్టను?

గుణుపురం: ముందు ‘కొదువ’నా, ‘కొదవ’నా అది తేల్చండి. మా ఇంట్లో కొదవే.