నేసిన ప్రతి చీరా వెళ్లిపోతే, మన ఎదుగుదలను ఎక్కడ చూసుకోవాలి?

ప్రశ్న: పోచంపల్లి మగ్గం

నాకు 43 ఏళ్లు. పన్నెండో ఏట మా అమ్మ పక్కన కూర్చుని ఆసు పోయడం నేర్చుకున్నాను. తెలియని వారి కోసం చెబుతున్నాను: ఇక్కత్‌లో రంగు అద్దకముందే పోగును మేకుల మధ్య చేత్తో తిప్పి వరుసలుగా పేర్చాలి. ఒక్క చీరకు సుమారు 9000 సార్లు చేయి ఆడించాలి. రాత్రి జడ వేసుకుందామంటే భుజం పైకి లేచేది కాదు.

చింతకింది మల్లేశం గారు వాళ్ల అమ్మ బాధ చూడలేక 1999లో తయారు చేసిన ఆసు యంత్రం, మా ఇంటికి 2008లో వచ్చింది. మిగిలిన గంటల్లో గ్రాఫు కాగితం మీద డిజైన్ గీయడం మొదలుపెట్టాను. మొదటి చిలుక నేతలో మెడ దగ్గర విరిగిపోయింది. చిటికి, అంటే రంగు అంటకుండా పోగుకు వేసే కట్టు, ఒక్క గడి పక్కన కడితే చాలు, బొమ్మ చెదిరిపోతుంది. ఇప్పుడు మా రెండు మగ్గాల మీదా నా డిజైన్లే నడుస్తున్నాయి.

మొన్న మా అమ్మాయి అడిగింది: "అమ్మా, నువ్వు చేసిన వాటిలో నీకు బాగా నచ్చినది చూపించు." బీరువాలో ఒక్కటీ లేదు. పడుగు దిగగానే చీరలు షావుకారుకు ఇవ్వడం, ఆ డబ్బుతో మళ్లీ పట్టు తెచ్చుకోవడం, ఇన్నేళ్లూ ఇంతే. ఒక్క చీరనైనా పరచి తీరికగా చూసుకోలేదు. అలా చూసుకుంటే దిష్టి తగులుతుందని మా అత్తయ్య అంటారు. మీరంతా ఎలా చూసుకుంటారు?

జవాబు: విశ్రాంత ఉపాధ్యాయుడు, సూర్యాపేట

అమ్మా, నా పనీ చేతిలో నిలిచేది కాదు. ప్రతి జూన్‌లో కొత్త పిల్లలు వచ్చేవారు. ఉగాది పచ్చడి తిన్నాక డైరీ తీసి, నిరుడు చేతకాక ఈ ఏడు చేతనైనది ఒక్కటి రాసేవాణ్ణి. "భిన్నాలు రొట్టె ముక్కలతో చెబితే అందరికీ అర్థమైంది" అని ఒక ఏడు ఉంది. నా భార్య పోయిన ఏడు ఏమీ రాయలేదు. ఆ ఖాళీ పేజీనీ అలాగే ఉంచాను.

జవాబు: పుట్టపాక నేత

అక్కా, మాది నూనె పట్టించిన నూలుతో తేలియా రుమాల్ నేసే ఇల్లు. పడుగు చివర మిగిలే జానెడు గుడ్డను మా నాన్న తేదీ రాసి ట్రంకుపెట్టెలో దాచేవారు. ఇప్పటికీ మూత తీస్తే నూనె వాసన వస్తుంది. 1994 ముక్కలో గడులు చెదిరి ఉన్నాయి, 2003 ముక్కలో గీత గీసినట్టున్నాయి. నాకు పని నేర్పే రోజున ముందు ఆ చెదిరిన ముక్కనే చేతిలో పెట్టారు. దిష్టి మాటకొస్తే, మేము ముక్క మూలకు కాస్త పసుపు రాస్తాము.

జవాబు: మస్కట్ నర్సు

వెనక్కి చూస్తే పోగొట్టుకున్నదీ పక్కనే కనిపిస్తుంది అక్కా. మా బాబు చిన్నతనమంతా నేను ఫోనులోనే చూశాను. అయినా చూసుకోండి. ఒకప్పుడు సెలైన్ సూది పెట్టాలంటే నా చేతులు వణికేవి. పోయిన వారం కొత్తగా చేరిన అమ్మాయి చేయి పట్టుకుని అదే నేర్పాను. గదికి వచ్చి, టీ పెట్టుకుని, పది నిమిషాలు ఊరికే కూర్చున్నాను. ఎంత బాగుందో చెప్పలేను.

పోచంపల్లి మగ్గం:

అందరికీ నమస్కారం. తమ్ముడూ, మిగిలిన ముక్కలన్నీ దీపపు కుందులు తుడవడానికే వాడేశాను. మీ మాట చదివి ఇల్లంతా వెతికితే ఒకటి దొరికింది, అప్పట్లో కోసి తీసేసిన ఆ మెడ విరిగిన చిలుకే. ఉతికి ఆరవేశాను. మా అమ్మాయి దాన్ని చాలాసేపు చూసింది.

మస్కట్ చెల్లీ, మీరన్నది నిజం. ఆ ముక్క చూడగానే మా అమ్మ భుజం గుర్తొచ్చింది. యంత్రం వచ్చేసరికి ఆమెకు ఆసు పోసే వయసు దాటిపోయింది. జీవితమంతా పట్టు పోగు తిప్పింది గానీ పట్టు ఇక్కత్ కట్టుకోలేదు. ఇప్పుడు మగ్గం మీదున్న పడుగులో ఏడు చీరలు వస్తాయి. ఆరు షావుకారుకు, ఏడోది అమ్మకు. మా వారితో చెబితే కాసేపు లెక్క వేసుకుని, "అంచు ఎరుపు పెట్టు, అత్తయ్యకు ఇష్టం" అన్నారు.