ఇంట్లో చదివిన పిల్లకి ఇంజినీరింగ్ సీటు: ఓపెన్ స్కూల్ సరిపోతుందా, తొమ్మిదో తరగతిలో బళ్లో వెయ్యాలా?

హనుమకొండ అమ్మ:
మా అమ్మాయికి పదమూడు నిండాయి. మూడో తరగతి తర్వాత బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్నాం. లెక్కలంటే ప్రాణం, ఇంజినీరింగ్ చేస్తానంటోంది. మా ఆడపడుచు "ఇప్పుడైనా తొమ్మిదిలో వెయ్యండి వదినా, లేకపోతే రేపు ఏ కాలేజీలోనూ గడప తొక్కనివ్వరు" అంటోంది. మావారేమో ఎన్‌ఐఓఎస్‌లో (కేంద్రం నడిపే ఓపెన్ స్కూల్ బోర్డు) పది, పన్నెండు కట్టిద్దాం అంటున్నారు. ఆ సర్టిఫికెట్‌తో ఎప్‌సెట్, జేఈఈ రాయనిస్తారా? రాసి ర్యాంకు తెచ్చుకున్నా కౌన్సెలింగ్‌లో నిలబడతామా? తెలిసినవాళ్లు చెప్పండి.

కెమిస్ట్రీ లెక్చరర్, గుంటూరు:
బళ్లో వెయ్యండమ్మా. నేను ఇంటర్ పిల్లలకు చెప్పేవాణ్ణి కాబట్టి మొహమాటం లేకుండా చెబుతున్నాను. పాఠం ఇంట్లో వస్తుంది, ల్యాబ్ రాదు. బ్యూరెట్ నాబ్ తిప్పుతూ చుక్క చుక్కగా వదిలి, రంగు మారిన చోట ఠక్కున ఆపడం చేతికి అలవాటు కావాలి. వీడియో చూస్తే వచ్చేది కాదు. రెండోది, ఎన్‌ఐటీ సీటుకి జేఈఈ ర్యాంకు ఒక్కటే చాలదు, పన్నెండులో 75 శాతం గానీ, బోర్డులో టాప్ 20 పర్సంటైల్ (పాసైన ప్రతి వంద మందిలో పై ఇరవై మందిలో చోటు) గానీ ఉండాలి. ఏటా అచ్చమైన పరీక్షలు రాయని పిల్ల మొదటిసారే మూడు గంటల పేపరు ముందు కూర్చుని అన్ని మార్కులు తెస్తుందని దేన్ని చూసి నమ్మాలి?

ఓపెన్ దారి, మియాపూర్:
మాస్టారూ, ల్యాబ్ గురించి మీరన్నది నిజం. మిగతాది ఒప్పుకోను. మా అబ్బాయి ఇదే దారిలో పోయి ఇప్పుడు ఇంజినీరింగ్‌లో ఉన్నాడు. అక్కా, మీకు వివరంగా చెబుతాను.

రాయడానికి అడ్డు లేదు. ఎన్‌ఐఓఎస్ పన్నెండు జేఈఈకి చెల్లుతుంది, కనీసం ఐదు సబ్జెక్టులు పాసవ్వాలి. పదికి కట్టాలంటే పద్నాలుగేళ్లు నిండాలి. పాత మార్కుల లిస్టు లేకపోతే, చదవగలను అని స్వయంగా రాసిచ్చే డిక్లరేషన్ చాలు. జనన ధ్రువపత్రం మాత్రం తప్పనిసరి, అందులో పేరు అక్షరం తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించండి. పదికీ పన్నెండుకీ మధ్య రెండేళ్ల ఎడం ఉండాలి. అంటే పద్నాలుగు నిండగానే పదికి కట్టకుండా ఇంకో ఏడాది చూద్దాంలే అనుకుంటే, ఆ ఏడాది ఇంజినీరింగ్ దాకా వెంటాడుతుంది.

అసలు చిక్కు కౌన్సెలింగ్‌లో వస్తుంది. సర్టిఫికెట్ల పరిశీలనలో ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. మన దగ్గర ఏముంటాయి? ఏమీ ఉండవు. ఎక్కడ చదివారో చూసే లోకల్ అవునా కాదా తేలుస్తారు. లోకల్ కాదని తేల్చేస్తే సీట్లలో పెద్ద భాగం చేజారినట్టే. కానీ దీనికి దారి ఈనాటిది కాదు. రాజ్యాంగం 371డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులోనే, విద్యాసంస్థలో చదవనివాళ్లకు చదువు బదులు నివాసాన్ని లెక్కలోకి తీసుకుంటారని ఉంది. కౌన్సెలింగ్ పత్రాల జాబితాలో కూడా, బడి చదువు లేని ప్రైవేటు అభ్యర్థులు అర్హత పరీక్షకు (అంటే ఇంటర్ లేదా పన్నెండుకు) ముందు ఏడేళ్ల నివాస ధ్రువపత్రం తేవాలని రాసి ఉంటుంది. అంత దాకా ఎవరూ చదవరు. మీసేవలో దరఖాస్తు పెడితే తహసీల్దార్ ఆఫీసు నుంచి వస్తుంది. కరెంటు బిల్లులు, ఆధార్, రేషన్ కార్డు అన్నిట్లో ఒకే చిరునామా ఉండాలి. మధ్యలో ఇల్లు మారితే పాత అగ్రిమెంట్లు పారేయకండి. పరిశీలన రోజు బల్ల దగ్గర ఉన్నాయన "బోనఫైడ్‌లు ఏవండీ" అని స్టడీ సర్టిఫికెట్లు అడగ్గానే మేము జాబితాలో ఆ లైను చూపించి, కాగితం పక్కన పెట్టాం. ఆయన పైవాళ్లను అడిగొచ్చి ముద్ర వేశారు.

పుస్తకాల పురుగు:
ఇన్ని తిప్పలెందుకు? ముంబై అమ్మాయి మాళవిక జోషి ఏ బోర్డు సర్టిఫికెట్టూ లేకుండానే 2016లో అమెరికాలోని ఎంఐటీకి వెళ్లింది కదా. ప్రతిభ ఉంటే కాగితాలు వాటంతటవే వస్తాయి.

ఓపెన్ దారి, మియాపూర్:
ఆ అమ్మాయి కథ పూర్తిగా చెప్పండి. పన్నెండు పాస్ సర్టిఫికెట్ లేకనే ఐఐటీ దారి మూసుకుపోయింది. అంతర్జాతీయ ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్‌లో (స్కూలు పిల్లల ప్రోగ్రామింగ్ పోటీ) మూడు పతకాలు ఉన్నాయి కాబట్టి అమెరికాలో తలుపు తెరిచారు. ఆ పతకాలు లేని పిల్లల మాటేమిటి? మన దేశంలో ఉండి చదవాలంటే పన్నెండు సర్టిఫికెట్ వద్దని ఎవరికీ సలహా ఇవ్వకండి, దయచేసి.

మెడికో నాన్న, కర్నూలు:
మెడిసిన్ వైపు మనసు మారితే ఇదీ తెలుసుకోండి. 2018 నీట్ నోటిఫికేషన్‌లో ఓపెన్ స్కూల్ వాళ్లు అనర్హులన్నారు. ఆ మే నెలలో ఢిల్లీ హైకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. అయినా కేసు సుప్రీంకోర్టు దాకా నడిచి, 2024 మార్చిలోగానీ తేలలేదు. గుర్తింపు ఉన్న ఓపెన్ బోర్డుల పిల్లలు ఇప్పుడు రాయొచ్చు. కానీ ఆరేళ్లపాటు ఆ పిల్లలు ఏ పూట ఏ వార్త వింటామో అని భయపడుతూ చదివారు. అందుకే నేను రెగ్యులర్ కాలేజీ వైపే. రూలు ఎప్పుడు మారినా ముందు దెబ్బ తగిలేది ఓపెన్ వాళ్లకే.

సర్కారు బడి టీచర్, పాడేరు:
ఒక మాట చెప్పాలి. ఓపెన్ స్కూల్ పెట్టింది బడి మానేసి పనికి పోయే పిల్లల కోసం, పెళ్లయి ఆగిపోయిన ఆడపిల్లల కోసం. నా దగ్గర పదిలో ఆగిపోయిన ఒకమ్మాయి జీడిపిక్కల పనికి పోతూ ఓపెన్‌లో పది కట్టింది. నీట్ కేసులో గెలిచిన హక్కు ఆమెది కూడా. కాబట్టి "రెగ్యులర్‌లో చేరితే గొడవ ఉండదు" అని ఆ సర్టిఫికెట్‌ని మనమే చులకన చేయొద్దు. అది చులకనైతే నష్టపోయేది ఇంట్లో అమ్మానాన్న చదివించే పిల్లలు కాదు, ఇంకో దారి లేని పిల్లలు. విద్యాహక్కు చట్టం పద్నాలుగేళ్ల దాకా పిల్లల్ని బళ్లో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అంటుంది, శిక్ష మాత్రం పెట్టలేదు. నాకైతే ఇంటి చదువు మీద పెద్ద మోజు లేదు. కానీ మీ పాప పద్నాలుగు దాటబోతోంది, ఇప్పుడు కొత్తగా తొమ్మిదిలో పడేస్తే ఒరిగేదేమిటో మీ ఆడపడుచును చెప్పమనండి.

కెమిస్ట్రీ లెక్చరర్, గుంటూరు:
టీచర్ గారు చెప్పింది నాకు తగిలింది. సర్టిఫికెట్ విలువ మీద నాకు పేచీ లేదు. ల్యాబ్ మీద ఉంది, ఉంటుంది. ఎన్‌ఐఓఎస్‌లో ప్రాక్టికల్స్ స్టడీ సెంటర్‌లో జరుగుతాయి. పరీక్షకు ముందు అక్కడ ఎన్ని రోజులు నిజంగా ప్రయోగాలు చేయిస్తారో చేరకముందే వెళ్లి చూడండి. చేయించకపోతే సెంటర్ మార్చండి, లేదా దగ్గర్లో ఏదైనా జూనియర్ కాలేజీ ప్రిన్సిపాల్‌ను అడిగి ఫీజు కట్టి సెలవుల్లో ల్యాబ్ వాడుకోండి. చాలామంది కాదనరు.

హనుమకొండ అమ్మ:
అందరికీ దండాలు. ఇంకొక్కటి: భాషగా తెలుగు తీసుకోవాలా, ఇంగ్లీషా? మా అమ్మాయికి తెలుగే ఇష్టం.

మెడికో నాన్న, కర్నూలు:
ఇంగ్లీషు తప్పకుండా పెట్టించండి. నీట్ అర్హతలో ఇంగ్లీషు ఉంది, రేపు మనసు మారితే అక్కడ ఆగిపోతుంది. తెలుగు ఇష్టమైతే అదనపు సబ్జెక్టుగా ఇస్తున్నారేమో సెంటర్‌లో అడగండి.

ఓపెన్ దారి, మియాపూర్:
అక్కా, ఫారం నింపేముందు రెండో పేజీ ఫొటో ఇక్కడ పెట్టండి, చిరునామా కప్పేసి. సబ్జెక్టుల వరుస నేను చూస్తాను. ఒకసారి వెళ్లాక మార్పించుకోవడానికి చాలా తిరగాలి.